మంచులో బృందాన్ని నడిపేవారి సందేహాలు

ప్రశ్న: శీతాకాలపు ట్రెక్కులకు ఎనిమిది మందిని తీసుకెళ్తుంటాను. శిఖరం అరగంట దూరంలో కనిపిస్తుంటే వెనక్కి పోదామన్న మాట ఎవరి చెవికీ ఎక్కడం లేదు. గట్టిగా చెబితే నొచ్చుకుంటున్నారు. ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: అక్కడిదాకా వెళ్లాక నచ్చజెప్పాల్సి రావడమే పొరపాటు. అలసట, చలి, కళ్లెదుటే గమ్యం. ఈ మూడూ కలిస్తే ఎవరికైనా లెక్క తప్పుతుంది, మీకూ తప్పుతుంది. వెనుదిరిగే సమయాన్ని ముందురోజు సాయంత్రమే, అందరూ వెచ్చగా కూర్చున్నప్పుడు తేల్చండి. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. 6 కిలోమీటర్ల దారి, 600 మీటర్ల ఎత్తు అయితే 2 గంటల 12 నిమిషాలు. కాళ్లు దిగబడే మంచులో దాన్ని రెట్టింపు చేసుకోండి. చీకటి పడేది 5.30కి, దిగడానికి 3 గంటలు, అనుకోనివాటికి గంటన్నర అనుకుంటే, ఎక్కడున్నా సరే ఒంటిగంటకు వెనుదిరగాలి. ఆ సమయాన్ని ఒక్కొక్కరి నోటా పలికించండి. మర్నాడు వాదన అక్కర్లేదు, గడియారం చూపిస్తే చాలు. ఒక్కసారి పావుగంట సడలించారా, ఇక ఆ గడువుకు విలువ ఉండదు.

గమ్యం దగ్గర్లో ఉన్నా వెనుదిరిగినవారు ఉన్నారు. ధ్రువ అన్వేషకుడు ఎర్నెస్ట్ షాకల్టన్ 1909 జనవరి 9న దక్షిణ ధ్రువానికి సుమారు 180 కిలోమీటర్ల దూరంలో వెనుదిరిగాడు. ఇంకా ముందుకు వెళ్తే తిరుగుదారికి తిండి చాలదు. ఆయనతో కలిపి ఆ నలుగురూ ప్రాణాలతో తిరిగొచ్చారు.

ప్రశ్న: మా బృందంలో ఒకరు అడిగినప్పుడల్లా "బాగానే ఉన్నా" అన్నారు. కాసేపటికే మాట ముద్దగా వచ్చింది, అడుగు తడబడింది. ముందే ఎలా పసిగట్టాలి?

జవాబు: అది హైపోథెర్మియా లక్షణం. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే ఆలోచన మందగిస్తుంది, అందుకే బాధితుడికి తన స్థితి తెలియదు. "బాగున్నారా" అని అడగకండి, పని చెప్పండి. గ్లోవ్ తీసి బొటనవేలిని చిటికెనవేలికి తాకించమనండి, జిప్ వేయమనండి. చేతకాకపోతే ఆగాల్సిందే. కారణం లేని చిరాకు, అందరికంటే వెనకబడటం, ఉన్నట్టుండి మౌనం కూడా గుర్తులే. ఇద్దరిద్దరిని జతచేసి ఒకరినొకరు గమనించుకోమనండి.

ఆగాక గాలి తగలని చోట, కింద మ్యాట్ పరిచి కూర్చోబెట్టండి. తడి బట్టలు మార్చండి. తెలివిగా ఉండి మింగగలిగితేనే వెచ్చని తియ్యటి పానీయం ఇవ్వండి. మద్యం వద్దు, చేతులూ కాళ్లూ రుద్దొద్దు. చలి తగ్గకుండానే వణుకు ఆగితే స్థితి విషమించినట్టు. అప్పుడు నడిపించకండి. పడుకోబెట్టి, కుదుపు లేకుండా కదిలించాలి, లేకపోతే గుండె లయ తప్పొచ్చు. వెంటనే సహాయక బృందాన్ని పిలవండి.

నాయకులు తరచూ చేసే తప్పు ఇక్కడే: ఆరుగురు చుట్టూ నిలబడి చూస్తుంటారు, పది నిమిషాల్లో వాళ్లూ చల్లబడతారు. ఇద్దరిని బాధితుడి దగ్గర ఉంచి, మిగతావాళ్లతో ముందు జాకెట్లు తొడిగించి, తర్వాత గుడారం పని చేయించండి. అసలు చెమట పట్టకుండా చూడటమే సగం చికిత్స. బయల్దేరేటప్పుడు కాస్త చలిగానే ఉండాలి. పది నిమిషాలకు ఆగి ఒక పొర తీయించండి, విశ్రాంతికి ఆగగానే మళ్లీ వేయించండి.

ప్రశ్న: నాయకుడు ముందుండాలా, వెనకుండాలా?

జవాబు: మామూలు దారిలో ముందుండి, నెమ్మదిగా నడిచేవారిని మీ వెంటే ఉంచుకోండి. అనుభవజ్ఞుడు ఒకరు చివర నడవాలి. మంచుచరియలు విరిగిపడే వాలుల్లో, ముఖ్యంగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో, లెక్క మారుతుంది. వీలైతే వాటిని దాటకండి. తప్పదంటే ఒక్కొక్కరే దాటాలి, మిగతావారు భద్రమైన చోటు నుంచి చూస్తుండాలి.

ఇయాన్ మెక్‌కామన్ అనే పరిశోధకుడు అమెరికాలో 700కు పైగా మంచుచరియల ప్రమాదాలను పరిశీలించి, నాయకుడిని అతిగా నమ్మడాన్ని ఒక ఉచ్చుగా గుర్తించాడు. అందుకే వాలు దగ్గర అభిప్రాయం కొత్తవారితో మొదలుపెట్టి అడగండి, మీరు చివర మాట్లాడండి. ఒక్కరు వద్దన్నా ఆగండి. ట్రాన్సీవర్ (మంచులో కూరుకుపోయినవారి జాడ తెలిపే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార అందరి దగ్గరా ఉండాలి. మీ ఒక్కరి దగ్గరే ఉంటే, కూరుకుపోయింది మీరైనప్పుడు వెతికేవారే ఉండరు.