అమ్ములూ, నీళ్లు తీసే రోజు జాగ్రత్త

చిరంజీవి అమ్ములుకు పెదనాన్న ఆశీస్సులు.

"అన్నయ్యా, ఇది లఫ్‌బరో వెళ్లింది చదువుకోవడానికా, ఇంజన్లకు గ్రీజు పూయడానికా?" అని మీ నాన్న ఫోన్లో నా మీద కేకలేశాడు. నీకు ఈ పిచ్చి నా వల్లే పట్టిందట. నేను మాట్లాడతాలే అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం మీ పెద్దమ్మను వంటింట్లోంచి పిలిచి రెండుసార్లు చెప్పాను, మన అమ్ములు అక్కడ పాత రైళ్లను కాపాడి నడిపే గ్రేట్ సెంట్రల్ రైల్వేలో వాలంటీరుగా చేరుతోందని, అదీ క్లాస్ 20 అనే పాత డీజిలు ఇంజను దగ్గరని. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. సంతోషం ఎంత ఉందో భయమూ అంతే ఉంది.

సభ్యత్వం కట్టు, సేఫ్టీ ట్రైనింగు పూర్తి చెయ్యి, మంచి బూట్లు కొనుక్కో, ఆరెంజి కోటు లేకుండా పట్టాల వైపు అడుగు పెట్టకు. ఇవన్నీ వాళ్లే చెబుతారు. నేను చెప్పాల్సినవి వేరే ఉన్నాయి.

మొదట చెవులు. ఆ ఇంజను చప్పుడు హెలికాప్టరు రెక్కల్లా ఉంటుందని ఇక్కడివాళ్లు దాన్ని 'చాపర్' అంటారు. ఆ చప్పుడు కోసమే దూరాల నుంచి వస్తారు. నేనూ అంతే. బోనెట్ తలుపులు తీసి, వెయ్యి గుర్రాల బలమున్న ఆ ఎనిమిది సిలిండర్ల పక్కన చెవులకు ఏమీ పెట్టుకోకుండా గంటలు గంటలు నిలబడేవాణ్ని. నా ఎడమ చెవి ఇప్పుడు వినపడదు. చెవులు మూసే మఫ్స్ పెట్టుకుంటే చప్పుడు సరిగ్గా వినలేమని నీ పక్కవాళ్లు అన్నా సరే, తియ్యకు. ఇది పెదనాన్న ఆజ్ఞ అనుకో.

పాత ఇంజను గోడల లోపల పీచులాంటిది కనబడితే ముట్టుకోకు, గీకకు, పెద్దవాళ్లకు చెప్పు. ఆ రోజుల్లో ఆస్‌బెస్టాస్ అనే ప్రమాదకరమైన పీచు బాగా వాడేవారు.

ఇక నా తప్పు సంగతి. మీ నాన్నకు కూడా తెలియదు.

నేను 1974లో ఈ ఇంగ్లండు వచ్చాను. చీకటితో పనికి వెళ్లడం, చీకటితో గదికి రావడం. ఒక ఆదివారం ఎవరో తీసుకెళితే టోటన్ అనే రైల్వే యార్డు పక్కన గట్టు మీద నిలబడ్డాను. రెండు క్లాస్ 20లు ముక్కుకు ముక్కు ఆనించుకుని బొగ్గు బండిని లాక్కొస్తున్నాయి. ఆ ఇంజనుకు డ్రైవరు ఉండే క్యాబు ఒక చివరే ఉంటుంది. పొడుగాటి బోనెట్ ముందుంటే డ్రైవరుకు దారి సరిగ్గా కనబడదు, అందుకే అలా జంటగా కలుపుతారు. కాళ్ల కింద నేల అదిరింది. సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్సులో రాత్రిపూట గూడ్సు బండి వెళుతుంటే మా మంచం ఇలాగే అదిరేది. అక్కడే నిలబడి ఏడ్చాను తల్లీ. మొట్టమొదటి క్లాస్ 20 ఇక్కడి వల్కన్ ఫౌండ్రీ అనే ఇంజన్ల ఫ్యాక్టరీలో 1957లో తయారైంది. 1853లో మన దేశంలో మొదటి ప్రయాణికుల బండిని బొంబాయి నుంచి ఠాణాకు లాగిన ఇంజన్లూ ఆ ఫౌండ్రీవేనని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి అది నాకు పరాయి ఇంజను అనిపించలేదు.

తర్వాత ఇలాగే వాలంటీర్లు నడిపే ఒక చిన్న రైలు లైనులో ఆదివారాలు ఫిట్టరుగా చేరాను. సీజను అయిపోయాక చలికాలానికి ఇంజనును చల్లబరిచే నీళ్లన్నీ తీసెయ్యాలి. ఆ పని నాకిచ్చారు. నీళ్లు వదిలే కుళాయి, అదే కాక్, తిప్పాను. నీళ్లు ధారగా వచ్చాయి, ధార సన్నబడింది, చుక్కలయింది, ఆగింది. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. నీళ్లు తీశానని పుస్తకంలో రాసి, సంతకం పెట్టి, టీకి వెళ్లిపోయాను.

నీళ్లు అయిపోయి ఆగలేదు. తుప్పు మట్టి కాక్‌లో అడ్డుపడి ఆగాయి. మనం బెజవాడవాళ్లం, నీళ్లు ఇనుమును చీలుస్తాయని మన ఒంటికి తెలియదు. గడ్డకడితే నీళ్లు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి. మార్చిలో మళ్లీ నీళ్లు నింపుతుంటే లోపల టప్ టప్ మని చప్పుడు. టార్చి వేసి చూస్తే రేడియేటరు గొట్టాలు చీలి ఉన్నాయి, నీటి పంపు మీద వెంట్రుకంత పగులు. టీలు, కేకులు అమ్మి కూడబెట్టిన డబ్బంతా దానికే పోయింది. ఆ వేసవి ఇంజను కదల్లేదు. పుస్తకంలో నా సంతకం అలాగే ఉంది.

అక్కడ ఒక రిటైరైన డ్రైవరు ఉండేవాడు, బొగ్గు బండ్లు నడిపిన మనిషి. నన్ను ఒక్క మాట అనలేదు. విరిగిన సైకిలు చక్రం పుల్ల ఒకటి తెచ్చి, కాక్‌లోకి దూర్చి ఎలా కెలకాలో చూపించి, దాన్ని నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. తిడితే బాగుండేదనిపించింది.

నీకు ఇంజను నడిపేటప్పుడు ఏమవుతుందో అని మీ నాన్న టెన్షన్. నా భయం అది కాదు. నడిచే రోజు చుట్టూ పదిమంది ఉంటారు. నవంబరులో, అందరూ ఇంటికెళ్లాక, చలికి చెయ్యి మొద్దుబారి 'అయిపోయిందిలే' అనిపించే నిమిషం ఉంటుంది చూడు, దానికి నా భయం. నీళ్లు ఆగితే పుల్ల దూర్చు. ప్రతి కాక్‌కూ దూర్చు. అన్నీ తెరిచే ఉంచు. ఇంకొకర్ని పిలిచి చూపించాకే సంతకం పెట్టు. ఆలస్యమైతే కానీ, బస్సు పోతే నేను కారేసుకుని వస్తాను.

చేతులకు కొబ్బరినూనె రాసుకో. తినకుండా వెళ్లావని తెలిస్తే ఊరుకోను. గోంగూర పచ్చడి సీసా, చెవి మఫ్స్ పార్సిల్లో పెట్టాను. కాగితంలో చుట్టింది ఆ సైకిలు పుల్లే. ఇన్నేళ్లూ నా టూల్‌బాక్సులోనే ఉంది.

నీ చేత్తో మొదటిసారి స్టార్టు చేసిన రోజు ఫోన్ చెయ్యి, ఇంజను పక్కనే నిలబడి. నేను కుడి చెవికి ఆనించుకుంటాను.

నీ
పెదనాన్న