వానాకాలం అత్యవసరం కాదు, ఏటా వచ్చేదే

ప్రశ్న: లక్నవరం చెరువు దగ్గర రెండెకరాలు మూడేళ్ల కౌలుకు తీసుకుని టెంట్ల క్యాంపు నడుపుతున్నాం. వంట నా భార్య, బుకింగులు మా అబ్బాయి, మిగతాది నేను చూసుకుంటాం. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా సరుకులు, డీజిలు పోను నెలకు లక్షా పాతిక వేలు మిగులుతాయి. ఎండాకాలం మూడు నెలలు 30 వేల చొప్పున వస్తాయి. వానాకాలం నాలుగు నెలలు మూసేస్తాం. ఇంటి ఖర్చు, ఇద్దరు పనివాళ్ల జీతాలు, కౌలు, చిట్టీ కలిపి నెలకు 45 వేలు. సీజను మొదలవుతోంది, చేతిలో 40 వేలున్నాయి. వచ్చే మేడారం జాతరకల్లా నాలుగు చెక్క కాటేజీలు కట్టడానికి తెలిసినవారి దగ్గర మూడు రూపాయల వడ్డీకి 5 లక్షలు తీసుకుంటున్నాను. ఇంకో 3 లక్షలకు బంగారం కుదువపెట్టాలా, చిట్టీ పాడాలా?
– ములుగు జిల్లా పాఠకుడు

జవాబు: రెండూ వద్దు. ఆ 5 లక్షలు అంతకన్నా వద్దు.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన రోజున రైతు చేసే పొరపాటే మీరూ చేస్తున్నారు. సీజనులో చేతికొచ్చిన డబ్బును చూసి అదే నెల సంపాదన అనుకుంటున్నారు. మీ లెక్కనే పన్నెండు నెలలకు పంచి చూడండి: ఏడాదికి 7 లక్షల 15 వేలు, అంటే నెలకు 60 వేల లోపే. ఖర్చులు 5 లక్షల 40 వేలు పోను మిగిలేది లక్షా 75 వేలు. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. 5 లక్షలకు ఏటా వడ్డీయే లక్షా 80 వేలు. అసలు మాట అలా ఉంచండి, వడ్డీకే ఇంకో 5 వేలు వెతుక్కోవాలి! తెలిసినవారు ఇచ్చినంత మాత్రాన అది సాయమైపోదు.

పైగా ఇదంతా దేనికోసం? మహాజాతర రెండేళ్లకొకసారి, నాలుగు రోజులు. అక్కడికొచ్చే జనంలో చాలామంది తమ గుడారం తామే వేసుకుని, తామే వండుకుని తింటారు. వాళ్లు మీ కాటేజీకి అద్దె కట్టరు. కౌలు భూమిలో కట్టినవి మూడేళ్ల తరువాత ఎవరివో ఒప్పందంలో రాసుకున్నారా? ఆ స్థలం శిఖం భూమిలోనో (చెరువు గర్భంలోని నేల) ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే మేర) హద్దులోనో ఉంటే ఒక నోటీసుతో కాటేజీలు పోతాయి, అప్పు మాత్రం ఉంటుంది.

ఇక నేను ఎవరికైనా మొదట చెప్పే మాట, అత్యవసర నిధి. ఈ సీజనులో ఖర్చులు పోను మీకు 4 లక్షలు మిగులుతాయి. అందులో 2 లక్షల 25 వేలు ఎండాకాలం, వానాకాలం గడవడానికే సరిపోతాయి. దాన్ని నిధి అనకండి, అది ఆలస్యంగా తీసుకునే జీతం. వేరే ఖాతాలో వేసి, మార్చి నుంచి నెలనెలా తీసుకోండి. అసలైన నిధి దానికి పైన ఉండాలి: ఆరు నెలల ఖర్చు, 2 లక్షల 70 వేలు. ఆ మిగిలే లక్షా 75 వేలకు చేతిలోని 40 వేలు కలిపితే 2 లక్షల 15 వేలు ఈ ఏడే అవుతాయి. మిగతాది వచ్చే సీజనులో. అంతవరకు కొత్త టెంటు కూడా కొనవద్దు.

ఇంత పట్టు ఎందుకంటారా? మీ జిల్లాలోనే 2023 జూలైలో లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. మరుసటి ఏడాది ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో సుడిగాలికి వేల చెట్లు నేలకూలాయి. అదే ఏడాది డిసెంబరు 4న 5.3 తీవ్రతతో భూకంపం. మీ టెంట్లు ఆ చెట్ల కంటే గట్టివా?

బీమా సంగతి క్లుప్తంగా. చిన్న వ్యాపారాలకు ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ ఉంది, కానీ టెంట్లకు వర్తిస్తుందో లేదో కాగితం మీద రాయించుకోండి. మీరు పడవ కూడా నడుపుతుంటే, అది ఎక్కిన అతిథికి ప్రమాదం జరిగితే పరిహారం మీ మెడకే చుట్టుకుంటుంది, కాబట్టి పబ్లిక్ లయబిలిటీ పాలసీ (అతిథులకు హాని జరిగితే పరిహారం భరించే బీమా) లేకుండా ఈసారి పడవ నీళ్లలోకి దించవద్దు. ప్రమాద బీమా అయిన ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, పనివాళ్లకు కూడా కట్టించండి.

చిట్టీ రిజిస్టరైన సంస్థదైతే చివరిదాకా పాడకుండా ఉంచండి. నిధి నిండాక ఒకే ఒక్క కాటేజీ కట్టాలనిపిస్తే, చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా రుణం కోసం బ్యాంకుకు వెళ్లండి.

ఈ జవాబు చేరేలోపే ఆ 5 లక్షలు తీసేసుకుని ఉంటే, ఖర్చు కాకముందే తిరిగి ఇచ్చేయండి. కొంత ఖర్చయి ఉంటే, అప్పుడు మాత్రం బ్యాంకులో బంగారం పెట్టి ఆ మేరకు తీర్చేయండి. ఆ వడ్డీ దీనికంటే చాలా తక్కువ. ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోవడం మరవకండి.