స్లాబు కింద ఏమేం రాయాలి?

ప్రశ్న: ఇంజినీరు గారూ, మేము 150 గజాల్లో ఇల్లు కడుతున్నాం. మా వారు కువైట్‌లో ఉంటారు, కాబట్టి పనులన్నీ నేనే చూసుకోవాలి. నోటుబుక్కులో ఇప్పటికి 140 పనులు రాశాను. వచ్చే నెల స్లాబు అంటున్నాడు మేస్త్రీ. ఏది దేనిలో భాగమో తెలియక టెన్షన్‌గా ఉంది. వీటిని ఒక దారిలో పెట్టేదెలా?
– ఒక పాఠకురాలు, నూజివీడు

జవాబు: 140 పనులు రాశారంటే సగం కష్టం తీరిందమ్మా. చిక్కల్లా అవన్నీ ఒకే వరసలో ఉండటం. సంపు తవ్వకం పక్కనే తలుపు గొళ్లేలు రాసి ఉంటారు! వంశవృక్షంలా గీయండి. పైన 'ఇల్లు', దాని కింద పునాది, పిల్లర్లు, స్లాబు, గోడలు, నీళ్ల ఏర్పాటు. కరెంటు మీటరు, అనుమతుల కాగితాలు కూడా ఒక కొమ్మే. అమెరికా రక్షణ శాఖ 1968లో ఈ పద్ధతికి ఒక ప్రమాణం రాసుకుంది. అందులోనూ దీన్ని వంశవృక్షమనే అన్నారు.

చాలామంది మేస్త్రీ పనులు, ప్లంబరు పనులు, ఎలక్ట్రీషియన్ పనులు అని విడగొడతారు. నేనూ అదే చేశాను, అదీ 1994లో మా సొంత ఇంటికి! కరెంటు పనంతా ఒకే పేజీలో, చివర్లో చూసుకోవచ్చని రాసుకున్నా. సెంట్రింగ్ విప్పిన రోజు మా ఆవిడ తలెత్తి చూసి, "హాల్లో ఫ్యాను ఎక్కడ తగిలిస్తారండీ?" అంది. ఫ్యాను బాక్సు పెట్టనే లేదు. స్లాబు చెక్కించి, సీలింగు మీదుగా పైపు వేయించాను. ఆ పైపు ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ కనిపిస్తుంది.

కాబట్టి కట్టేవాళ్లను బట్టి కాదు, కట్టేదాన్ని బట్టి విడగొట్టండి. 'స్లాబు' కింద సెంట్రింగ్, ఇనుము కట్టడం, కరెంటు పైపులు, ఫ్యాను బాక్సులు, బాత్రూం పైపులకు దారులు, కాంక్రీటు పోయడం, నీళ్లు పట్టడం, సెంట్రింగ్ విప్పడం రాయండి. వీటిలో అనాథ నీళ్లు పట్టడమే. మీరు మేస్త్రీ మనిషి వస్తాడనుకుంటారు, అతను ఇంటివాళ్లు చూసుకుంటారనుకుంటాడు. పీపీసీ సిమెంటు (ఫ్లైయాష్ బూడిద కలిసిన రకం) వాడితే కనీసం 10 రోజులు స్లాబు ఆరకూడదు. దాని పక్కన తప్పకుండా ఒక పేరుండాలి.

ఒక మనిషికి అప్పజెప్పి, ఒక తేదీ, ఒక ధర రాయగలిగితే అక్కడితో విడగొట్టడం ఆపేయండి. మేకులు కొనడం దాకా వెళ్తే మళ్లీ 140కే చేరతారు. వంశవృక్షం కదా, కింద రాసిన పిల్ల పనుల ఖర్చులు కలిపితే పైనున్న తల్లి పని ఖర్చు రావాలి. రాకపోతే ఒక బిడ్డ తప్పిపోయినట్టే, వెతకండి.

ఇల్లంతా ఈ రాత్రే గీయక్కర్లేదు. స్లాబు కొమ్మ ఒక్కటి గీసి, గదికెన్ని ఫ్యాను బాక్సులో లెక్కపెట్టి, ఆ కాగితం ఇనుము కట్టడం మొదలయ్యేలోగా ఎలక్ట్రీషియన్ చేతికివ్వండి.