టెక్ సందేహాలు: ఛాతీలో పేస్‌మేకర్, జేబులో ఫోన్

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల కన్నా ఒంట్లో పెట్టిన పరికరాల గురించినవే ఎక్కువ. గుండెకు పేస్‌మేకర్, రక్తనాళంలో స్టెంట్, నడుముకు రాడ్లు. వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చాక మొదలయ్యే భయాలివి. డిశ్చార్జి హడావిడిలో డాక్టర్ చెప్పింది సగమే చెవికెక్కుతుంది, మిగతా సగం చూడ్డానికి వచ్చిన చుట్టాలు చెబుతారు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం వీటికే. మీ పరికరం విషయంలో చివరి మాట మాత్రం మీ డాక్టర్‌దే.

మా బాపుకు 68 ఏళ్లు. ఆర్నెల్ల కింద పేస్‌మేకర్ పెట్టారు. మొన్న వెనకాల మాగ్నెట్ ఉండే కొత్త ఫోన్ కొనిచ్చాను. ఆయన ఎప్పుడూ ఫోన్‌ను చొక్కా ఎడమ జేబులోనే పెట్టుకుంటారు. ప్రమాదమా? ఇంట్లో ఇండక్షన్ స్టవ్ కూడా వాడతాం. – హనుమకొండ

ఫోన్ మార్చక్కర్లేదు, జేబు మార్పించండి. ఎందుకో చెబితే బాపు కూడా మాట వింటారు.

పేస్‌మేకర్ టైటానియం డబ్బా లోపల మాగ్నెట్‌ను పసిగట్టే స్విచ్ ఒకటి ఉంటుంది. దాన్ని కావాలనే పెట్టారు. అత్యవసరంగా ఏదైనా ఆపరేషన్ చేయాల్సి వస్తే, థియేటర్‌లో కోయడానికి, రక్తం ఆపడానికి వాడే కాటరీ కరెంటును పేస్‌మేకర్ గుండె చప్పుడని పొరబడి తన పని ఆపేయవచ్చు. అప్పుడు డాక్టర్లు ఛాతీ మీద ఒక రింగు మాగ్నెట్ పెడతారు. పేస్‌మేకర్ గుండె సొంత చప్పుడును వినడం ఆపేసి, ఒకే వేగంతో కొడుతూ పోతుంది. మాగ్నెట్ తీయగానే మళ్లీ మామూలే. పాత మోడళ్లలో ఈ స్విచ్ అంటే చిన్న గాజు గొట్టంలో రెండు సన్నని లోహపు రేకులు. ఇప్పుడు చిప్ మీద సెన్సర్. సుమారు 10 గాస్ అయస్కాంత బలం తగిలితే చాలు, ఇది పనిలోకి దిగుతుంది. ఆ మాగ్నెట్ డాక్టర్ పెట్టిందా, ఫోన్‌లోదా అన్నది దానికి తెలిసే దారి లేదు.

2020 అక్టోబర్‌లో వచ్చిన ఐఫోన్ 12లో, వైర్‌లెస్ చార్జర్ సరిగ్గా అతుక్కోవడానికి వెనకవైపు మాగ్నెట్ల వలయం పెట్టారు. 2021 జనవరికల్లా అమెరికాలో మిషిగన్ డాక్టర్లు ఒక విషయం బయటపెట్టారు. ఐసీడీ ఉన్న పేషెంట్ ఛాతీకి ఆ ఫోన్ ఆనిస్తే, ఐసీడీ చేయాల్సిన పని ఆగిపోయింది. ఐసీడీ అంటే గుండె లయ ప్రమాదకరంగా తప్పినప్పుడు లోపలి నుంచే షాక్ ఇచ్చి కాపాడే పరికరం. మాగ్నెట్ తగిలితే పేస్‌మేకర్ గుండెను కొట్టించడం ఆపదు, వేగం మారుతుందంతే. సాధారణంగా దడగానో, కళ్లు తిరిగినట్టో ఉంటుంది. ఐసీడీ మాత్రం మాగ్నెట్ ఉన్నంతసేపు కాపలా వదిలేస్తుంది. కాబట్టి మీ బాపుకు పెట్టింది ఈ రెండింటిలో ఏదో ముందు ఆసుపత్రిలో ఇచ్చిన పరికరం కార్డులో చూడండి.

అలాంటి ఫోన్‌ను పరికరానికి కనీసం 15 సెంటీమీటర్లు, వైర్‌లెస్ చార్జింగ్ అవుతుంటే 30 సెంటీమీటర్లు దూరం ఉంచాలని ఆపిల్ చెబుతోంది. ఏ ఫోన్‌కైనా ఇదే పాటించండి. ప్యాంటు జేబు మంచిది. పరికరం ఎడమవైపు ఉంటే ఫోన్ కుడి చెవి దగ్గర పెట్టుకోవాలి. కాల్ వచ్చినప్పుడు వెలువడే సిగ్నల్‌కు మరీ భయపడకండి. ఇప్పటి పరికరాల్లో ఆ సిగ్నల్‌ను వడకట్టే ఫిల్టర్లు ఉంటాయి. ఇక్కడ చిక్కంతా మాగ్నెట్‌తోనే. ఫ్లిప్ కవర్ మూతలో, ఇయర్‌బడ్స్ డబ్బాలో, చొక్కాకు పెట్టుకునే నేమ్ బ్యాడ్జిలో కూడా మాగ్నెట్లు ఉంటాయని మనకు తట్టదు. వాటినీ పై జేబుకు దూరంగా ఉంచండి.

ఇండక్షన్ స్టవ్‌కు 60 సెంటీమీటర్లు, అంటే సుమారు రెండడుగులు ఎడం ఉండాలి. మీ బాపు వంట చేయకపోతే ఆ సమస్యే లేదు. మైక్రోవేవ్‌తో ఇబ్బంది లేదు. మిక్సీని ఛాతీకి ఆనించకపోతే చాలు. గుడి దగ్గర మెటల్ డిటెక్టర్ గేటు ఉంటే ఆగకుండా నడిచి వెళ్లిపోవచ్చు. చేతి డిటెక్టర్‌ను మాత్రం ఛాతీ మీద ఆపి ఉంచవద్దని చెప్పి, కార్డు చూపించాలి.

నాకు జమ్మికుంటలో వెల్డింగ్ షాపు ఉంది. పేస్‌మేకర్ పెట్టాక పని మానేయమంటున్నారు. బావి దగ్గర మోటర్ కూడా వేయొద్దంటున్నారు. పని మానేస్తే ఇల్లు గడిచేదెట్లా?

మానేయమని చెప్పింది మీ డాక్టరా, ఊళ్లోవాళ్లా? డాక్టర్ అయితే కారణం అడగండి. మీ గుండె పూర్తిగా పేస్‌మేకర్ మీదే ఆధారపడి కొట్టుకుంటోందా అన్నది పెద్ద తేడా. అలా అయితే జాగ్రత్త ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. ఐసీడీ ఉన్నవాళ్లు డాక్టర్ అనుమతి లేకుండా హోల్డర్ పట్టనే కూడదు.

అనుమతి ఉంటే, పరికరాల కంపెనీలు చెప్పే హద్దులు స్పష్టంగానే ఉన్నాయి. 160 ఆంపియర్లు దాటవద్దు. ఆర్క్‌కూ ఛాతీకీ మధ్య రెండడుగులు ఉండాలి. ఎర్త్ క్లాంపును వెల్డింగ్ పడే చోటికి వీలైనంత దగ్గరగా తగిలించాలి. కేబుల్‌ను భుజం మీద వేసుకోవడం, చుట్టలు చుట్టి పక్కన పెట్టుకోవడం వద్దు. చుట్టలో కరెంటు పారితే అది కాయిల్ లాగే అయస్కాంత క్షేత్రాన్ని పెంచుతుంది. ఇంకొకటి మీ పనివాళ్లకు కూడా తెలియాలి. రాడ్ అంటుకోకపోతే టకటకమని వరసగా గీకకండి, సుమారు 10 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నించండి. వరస తప్పకుండా పడే ఆ మెరుపుల్ని పరికరం గుండె చప్పుళ్లుగా లెక్కేసుకునే వీలుంది. తడి నేల మీద, తడి గ్లవ్స్‌తో అసలు వద్దు. తల తిరిగినట్టు అనిపిస్తే వెంటనే హోల్డర్ వదిలేసి దూరం జరగండి.

బావి మోటర్ వేసుకోవచ్చు. అక్కడ అసలు భయం స్టార్టర్ డబ్బాతో కాదు, ఎర్తింగ్ లేకపోవడంతో. డబ్బా ముట్టుకుంటే జివ్వుమనే కరెంటు మామూలు మనిషికి చురుక్కుమని వదిలేయవచ్చు. కానీ ఆ 50 హెర్ట్జ్ లీకేజీ ఒంట్లోంచి పారినప్పుడు పేస్‌మేకర్ దాన్ని గుండె చప్పుడనుకుని తన పని ఆపేయగలదు. ఐసీడీ అయితే అనవసరంగా షాక్ ఇవ్వగలదు. ముందు ఎర్తింగ్ చేయించండి. అడవి పందుల కోసం వేసే కరెంటు కంచెల జోలికి అసలు పోకండి.

రెండేళ్ల కింద గుండెకు స్టెంట్ వేశారు. ఇప్పుడు మోకాలికి ఎమ్మారై తీయాలట. లోపల లోహం ఉంది కదా, లాగేసుకోదా? – కరీంనగర్

లాగదు. స్టెంట్‌లో చిప్పు లేదు, బ్యాటరీ లేదు, మాగ్నెట్‌కు అతుక్కునే ఇనుమూ కాదు. ఇప్పటి స్టెంట్లు ఎక్కువగా కోబాల్ట్-క్రోమియం మిశ్రమంతో చేసినవి. గుండె రక్తనాళాల స్టెంట్లకు 3 టెస్లా అయస్కాంత బలమున్న మిషన్ల దాకా ఎమ్మారై తీస్తున్నారు. స్కానింగ్ సెంటర్‌లో స్టెంట్ ఉందని చెప్పి, కార్డు చూపించండి. పై ప్రశ్నల్లోని ఫోన్, వెల్డింగ్ జాగ్రత్తలు కూడా మీకు వర్తించవు. కరెంటుతో నడిచే పరికరానికీ ఉత్త లోహానికీ ఉన్న ఈ తేడా తెలియక, స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఏళ్ల తరబడి టెన్షన్ పడుతున్నారు.

స్టెంట్ తయారీలో పోటీ అంతా సన్నదనం మీదే. 2000ల మొదట్లో మందు పూసిన స్టెంట్ల తీగ మందం 140 మైక్రాన్ల వరకు ఉండేది. ఇప్పుడు 60 నుంచి 80, అంటే దాదాపు తల వెంట్రుకంత. తీగ లావైతే రక్తం దాని వెనక సుడి తిరుగుతుంది, గడ్డ కట్టే అవకాశం పెరుగుతుంది. స్టీల్ కన్నా కోబాల్ట్-క్రోమియం గట్టిది కాబట్టే అంత సన్నగా తీసినా నాళాన్ని తెరిచి పట్టుకోగలుగుతోంది. కొన్నేళ్లకు కరిగిపోయే ప్లాస్టిక్ స్టెంట్‌ను ఆబ్సార్బ్ పేరుతో తెచ్చారు. అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది, 2017లోనే అమ్మకం ఆపేశారు. ప్లాస్టిక్‌కు బలం తక్కువ. బలం కోసం తీగను 150 మైక్రాన్ల మందం చేయాల్సి వచ్చింది. దాంతో గడ్డల సమస్య ఎక్కువైంది. కొత్తది అనగానే మెరుగైనదని నమ్మకూడదనడానికి నాకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ దొరకలేదు.

ధర విషయం కూడా అడిగారు. కలాం గారు, హైదరాబాద్ కార్డియాలజిస్టు సోమరాజు గారు కలిసి 1990ల్లోనే తక్కువ ఖర్చు స్టెంట్‌ను రూపొందించారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూసిన స్టెంట్‌కు 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. ఆ తర్వాత దాన్ని మారుస్తూ వస్తున్నారు. బిల్లులో స్టెంట్ ధరను, కంపెనీ పేరును విడిగా రాయించుకోండి. గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటే: రక్తం పలచబడే మాత్రలు డాక్టర్ చెప్పకుండా ఆపవద్దు, పన్ను పీకించుకోవడానికి కూడా.

తాతకు పేస్‌మేకర్ ఉండేది. కాలం చేశాక దహనానికి ముందు తీసేయాలని ఎవరో అన్నారు, నిజమా? – నర్సంపేట

నిజమే. అందులోని లిథియం బ్యాటరీ మంటల్లో పేలుతుంది. దగ్గర నిలబడ్డవాళ్లకు దెబ్బలు తగలవచ్చు. ఆసుపత్రిలో చనిపోతే సిబ్బందికి అక్కడే చెప్పండి. ఇంట్లో అయితే డాక్టర్‌ను పిలిపించి తీయించాలి. చర్మం కింద ఉంటుంది కాబట్టి చిన్న పనే. ఐసీడీ అయితే ముందు దాన్ని ఆఫ్ చేయించాలి, లేకపోతే వైరు కోసేటప్పుడు తీసేవాళ్లకు షాక్ కొట్టవచ్చు. స్టెంట్లు, రాడ్లు తీయాల్సిన పని లేదు.

మా అమ్మకు నడుము ఆపరేషన్ చెప్పారు. స్క్రూలు, రాడ్లు టైటానియం అట. వెన్నుపూసల మధ్య పెట్టే కేజ్ మాత్రం టైటానియమా, పీక్ అనే ప్లాస్టిక్కా అని అడుగుతున్నారు. ఏది మేలు? – మంచిర్యాల

ఇక్కడ బలం ఒక్కటే కాదు, బిరుసు, అంటే వంగకుండా నిలిచే గుణం కూడా చూడాలి. ఎముక పైపొర బిరుసు 15 నుంచి 20 గిగాపాస్కల్స్ ఉంటే, టైటానియంది సుమారు 110, పీక్‌ది 3 నుంచి 4. మరీ బిరుసైన కేజ్ మెత్తబడిన వెన్నుపూసలోకి దిగబడే ప్రమాదం ఉంది. వయసు మీద పడి ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లలో ఇది ముఖ్యం. పీక్ కాస్త ఎముక లాగే వంగుతుంది, ఎక్స్‌రేలో అడ్డు రాదు, లోపల ఎముక అతుక్కుందో లేదో కనిపిస్తుంది. దాని లోపం ఏమిటంటే, ఎముక దాన్ని పట్టుకోదు. టైటానియం మీదికైతే ఎముక పాకుతుంది. అందుకే ఇప్పుడు త్రీడీ ప్రింటింగ్‌తో స్పాంజి లాంటి రంధ్రాల టైటానియం కేజ్‌లు చేస్తున్నారు. రంధ్రాల వల్ల బిరుసు తగ్గుతుంది, ఎముకా లోపలికి పెరుగుతుంది. ఆలోచన నాకు నచ్చింది. కానీ మీ అమ్మగారి ఎముక సాంద్రత చూసిన సర్జన్ మాటే ఇక్కడ ముఖ్యం. ఆ సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ తీయించారా అని తప్పకుండా అడగండి.

కేజ్ ఏదైనా, స్క్రూలూ రాడ్లూ జీవితాంతం బరువు మోయడానికి పెట్టేవి కావు. రెండు పూసల మధ్య ఎముక పెరిగి ఒకటయ్యేదాకా కదలకుండా పట్టుకోవడమే వాటి పని. దానికి ఆర్నెల్ల నుంచి ఏడాది పట్టవచ్చు. ఎముక అతుక్కోకపోతే, ఎంత ఖరీదైన రాడ్ అయినా అదేపనిగా వంగి వంగి చివరికి విరుగుతుంది. నికోటిన్ ఎముక అతుక్కోకుండా అడ్డుపడుతుంది. ఇంట్లో పొగాకు నమలడం, బీడీ తాగడం ఉంటే ఆపరేషన్‌కు ముందే మాన్పించండి.

నా పేస్‌మేకర్‌కు బ్లూటూత్ ఉంది, ఫోన్‌లో యాప్ వేశారు. హ్యాక్ చేస్తారా? బ్యాటరీ అయిపోతే ఫోన్ లాగా చార్జింగ్ ఎందుకు పెట్టరు? – కాజీపేట

యాప్ మీ పరికరం సమాచారాన్ని ఆసుపత్రికి పంపుతుందంతే. సెట్టింగులు మార్చేది డాక్టర్ దగ్గర ఉండే ప్రోగ్రామర్ అనే యంత్రం. హ్యాకింగ్ భయం ఊహ మాత్రం కాదు. 2017 ఆగస్టులో అమెరికాలో సుమారు 4,65,000 పేస్‌మేకర్లకు భద్రతా లోపం సరిచేసే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ప్రకటించారు. అది ఆసుపత్రిలోనే, డాక్టర్ ఎదుటే, దాదాపు 3 నిమిషాల్లో చేయాల్సిన పని. ఆ కాసేపు పరికరం నిమిషానికి 67 చొప్పున కొట్టేలా పెట్టారు. ఎవరికీ హాని జరిగినట్టు అప్పటికి దాఖలా లేదు. నా సలహా ఏమిటంటే, ఆ భయంతో యాప్ తీసేయకండి. ఏదైనా తేడా వచ్చినప్పుడు ముందే తెలిసే దారి అదే.

చార్జింగ్ పెట్టే పద్ధతి కొత్తేమీ కాదు. 1958 అక్టోబర్ 8న స్వీడన్‌లో ఆర్నె లార్సన్‌కు అమర్చిన మొట్టమొదటి పేస్‌మేకర్ చార్జ్ చేసేదే. అది పనిచేసింది కొన్ని గంటలే. ఆయన మాత్రం ఆ తర్వాత ఎన్నో పరికరాలు మార్చుకుంటూ 2001 దాకా, 86 ఏళ్లు బతికారు. 1970ల్లో లిథియం-అయోడిన్ బ్యాటరీ వచ్చి ఏళ్ల తరబడి నిలవడంతో చార్జింగ్ అవసరం తగ్గిపోయింది. పేషెంట్ మరిచిపోతే ప్రాణం పోయే పనిని పేషెంట్ చేతిలో పెట్టకూడదన్నది సరైన ఆలోచన. పొదుపు వైరు కొసలోనూ ఉంది. గుండె కండరాన్ని తాకే ఆ కొసకు కొద్దిగా స్టెరాయిడ్ మందు పెడతారు. అక్కడ వాపు రాకపోతే తక్కువ కరెంటుకే గుండె స్పందిస్తుంది, బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది, ప్రతిసారీ ఆ వైరు వంగుతుంది. అందుకే లోపలి తీగను స్ప్రింగులా చుడతారు. బ్యాటరీ తగ్గాక డబ్బా మారుస్తారు, బాగున్న వైర్లను అలాగే ఉంచుతారు.

మీరు చేయాల్సిన పనులు ఇవి. ఫోన్‌లో కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్ వేసుకునే ముందు, యాప్ దానికి సరిపడుతుందో లేదో కంపెనీ హెల్ప్‌లైన్‌కు అడిగి తెలుసుకోండి. బ్యాటరీ సేవర్ ఈ యాప్‌ను ఆపేయకుండా సెట్టింగ్స్‌లో మినహాయింపు ఇవ్వండి. పరికరం కార్డు ఫొటో తీసి ఇంట్లోవాళ్లందరి ఫోన్లకూ పంపండి. లాక్ తీయకుండానే కనిపించే ఎమర్జెన్సీ మెడికల్ వివరాల్లో మోడల్ నంబర్, వైర్ల నంబర్లు రాసిపెట్టండి. ఎమ్మారైకి పనికొస్తుందా లేదా అన్నది డబ్బా, వైర్లు రెండింటి మీదా ఆధారపడుతుంది కాబట్టి, ఒక్క డబ్బా నంబరే రాస్తే చాలదు.