గడప ముందర నిలబడి

నాయనా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది, ఈస్టర్ లోపల నాలుగు శనివారాలు మన చర్చి పిల్లోళ్ళను వెంటేసుకుని కడప వీధుల్లో నడుస్తాండావంట, ఒక్కో చోట నిలబడి పాత చరిత్ర చెప్పి, వాక్యం చదివి, ప్రార్థన చేసుకుని ముందుకు పోతారంట. సంతోషమేసింది. రాత్రంతా నిద్ర కూడా పట్టలే, అందుకే పొద్దున్నే ఇది టైప్ చేస్తాండా, తప్పులుంటే సర్దుకో.

ముందు ఎండ సంగతి. ఆరింటికే బయల్దేరండి, ఎనిమిదిన్నర దాటితే ఎవుర్నీ నడిపించొద్దు. మా నాయన, అదే మీ తాత, "ఇంత దూరమే కదా" అని పోయే వడదెబ్బ తగిలించుకున్నాడు, మళ్ళా లేవలే. నీళ్ళు, టోపీలు, ఉప్పేసిన మజ్జిగ. ఏడు రోడ్ల కాడ చిన్నోళ్ళ చేతులు వదలొద్దు. ఇవన్నీ నీకు తెలిసినవేలే.

యాడ మొదలుపెట్టాలని అడిగినావంట, ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ లైబ్రరీ కాడ మొదలుపెట్టు. లండన్ మిషన్ వాళ్ళు కడపలో పని మొదలుపెట్టింది 1822లో, బ్రౌన్ దొర ఉద్యోగానికి వచ్చింది దానికి రెండేండ్ల ముందు. ఆయన నాయన కలకత్తాలో పాదిరి. ఆ పాదిరి కొడుకు మన ఊరొచ్చి తెలుగు నేర్చుకుని, వేమన పద్యాలు ఏరి 1829లో అచ్చేయించినాడు. ఒక వేమన పద్యం పిల్లోళ్ళ చేత అక్కడే చెప్పించు, సంఘం పెద్దలు ఎవరన్నా మొహం చిట్లిస్తే నా పేరు చెప్పు. ఉగాదికి ముస్లింలు దేవుని కడప గుడికి పోతారు కదా, అది కూడా చెప్పు, మన చర్చిల గురించే చెబితే సగం ఊరు చూపించినట్టు.

ఇంక అసలు సంగతి. 1994లో మట్టల ఆదివారం ముందు రోజు నేను కూడా ఇట్లే సండే స్కూల్ పిల్లోళ్ళను పద్దెనిమిది మందిని తీసుకపోయినా. టీచర్ని కదా, చేతిలో నోట్సు, గొంతు పెద్దది. ఒక పేటలో వేపచెట్టు కింద నిలబెట్టి ధాత కరువు గురించి ఎత్తుకున్నా. 1876 నుంచి 78 దాకా సీమలో మనుషులు ఎట్ల రాలిపోయినారు, మిషన్ వాళ్ళు గంజి ఎట్ల పోసినారు, పేటల్లోంచి జనం గుంపులుగా సంఘంలో ఎట్ల కలిసినారు, అంతవరకు బాగానే ఉండాది. పిల్లోళ్ళను నవ్వించాలని, "గంజికొచ్చినోళ్ళకే దేవుడు దొరికినాడు" అన్నా. నవ్వినారు.

ఎదురింటి అరుగు మీద ఒక అవ్వ చింతపండు గింజలు తీస్తా కూర్చోనుండాది. చెయ్యి ఆపింది. "టీచరమ్మా, మా అవ్వ ఆ గంజి తాగిందే. ఏడేండ్ల పిల్లంట. తాగకపోతే నేను లేను. అంతకుముందు ఊరి బావి కాడ ఆమెకు గుక్కెడు నీళ్ళు పోసినోళ్ళు లేరు, అది చెప్పినావా పిల్లోళ్ళకి?" అనింది. అరవలే. మళ్ళా గింజలు తీసుకుంటా ఉండిపోయింది.

నాకు నోట మాట రాలే. తప్పయింది అవ్వా అనాల్సింది, అనలే. "పదండి, టైమయింది" అని పిల్లోళ్ళను తోలుకోనొచ్చేసినా. మనసు ఒప్పక నాలుగు రోజులకు మళ్ళా పోతే తలుపుకు తాళం, కూతురి కాడికి ప్రొద్దుటూరు పోయిందన్నారు. ఇంకోసారి పోదాం అనుకుంటానే ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఆమె పేరన్నా అడగలే నాయనా. అయినా మా నాయన సర్కారు ఉద్యోగం వచ్చినాక అట్లాంటి పేట వదిలొచ్చినోడే, మన ముత్తవ్వ కూడా ఆ గంజి తాగిందేమో, ఇంట్లో నేనెప్పుడన్నా అడిగినానా?

నేను చెప్పింది అబద్ధం కాదు, పుస్తకంలో ఉండేదే. ఆ పుస్తకం రాసింది గంజి పోసినోళ్ళు, అంతే.

అందుకే నీ మీద అరుస్తాండా. సెల్లు పట్టుకుని లైవ్ పెట్టొద్దు. నీది కూడా నా నోరే, జోకు వస్తే ఆపుకోలేవు. ఎవురింటి ముందర నిలబడినా ముందు వాళ్ళను పలకరించు, వాళ్ళకు తెలిసింది చెప్పమను, నీ కాగితం తర్వాత తీద్దువు. లూకా 24 ఇంకోసారి చదువు, ఎమ్మాయు అనే ఊరు "ఆమడ దూరము" అని ఉంటుంది మన బైబిల్లో. ఆ దోవలో నడిచిపోతాండే ఇద్దరు శిష్యులతో ప్రభువు కలిసి మొదట ఏం మాట్లాడుకుంటున్నారని అడిగినాడు, లేఖనాలు విప్పింది ఆ తర్వాతే.

తిట్టినానని అలగొద్దు, నువ్వు కాకపోతే ఈ పని మన ఇంట్లో ఇంకెవురు చేస్తారు.

ఆఖరి శనివారం మా వీధిలోంచి రండి. ఎంతమందైనా ఉగ్గాని చేస్తా, మిరపకాయ బజ్జీలు కూడా. మోకాళ్ళతో నేను నడవలేను, అరుగు మీదే ఏదో పని పెట్టుకుని కూర్చోనుంటా. పిల్లోళ్ళను నా ముందర నిలబెట్టి ఏమన్నా అడగమను.

మీ పెద్దమ్మ