హాఫ్ డే చేస్తే మెటర్నిటీ జీతం తగ్గుతుందా? రెగ్యులర్ వాళ్లకు కాదు, కాంట్రాక్టు వాళ్లకు తగ్గుతుంది

ప్రభుత్వ సంస్థలో పని చేస్తూ, డాక్టరు రెస్ట్ చెప్పారని పని గంటలు తగ్గించుకుంటే మెటర్నిటీ జీతం కూడా తగ్గుతుందా అని అడిగారు. రెగ్యులరా, కాంట్రాక్టా చెప్పలేదు. జవాబంతా అక్కడే ఉంది.

రెగ్యులర్ అయితే పెద్ద టెన్షన్ అక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో వచ్చిన జీవో 152 ప్రకారం ఇద్దరు పిల్లల వరకు 180 రోజులు పూర్తి జీతంతో సెలవు. తెలంగాణలోనూ అదే నడుస్తోంది. నేను పడింది కాంట్రాక్టు బాధ, అదే చెప్తాను.

అప్పుడు నాకు ఏడో నెల. ఉప్పల్ నుంచి లక్డీకాపూల్ దాకా మెట్రో, అమీర్‌పేటలో రైలు మారాలి. ఆ మెట్ల దగ్గర తోపులాట చూస్తే మామూలు మనిషికే బీపీ వస్తుంది, నాకు అప్పటికే ఉంది. ఆడవాళ్లకు కేటాయించిన పెట్టెలో కూడా ఫోన్లోంచి తల ఎత్తి సీటిచ్చే తల్లి కనపడదు. మా ఆఫీసర్ మంచి మనిషే. "ఎందుకమ్మా రిస్కు, లంచ్ టైంకి వెళ్లిపో, హాఫ్ డే వేయిస్తా" అన్నారు. సెక్షన్ అంతా ఆయన్ని మెచ్చుకుంది.

సెలవు డబ్బు బ్యాంకులో పడ్డాక చూస్తే నేను అనుకున్నదానికీ దానికీ పొంతనే లేదు. అకౌంట్స్‌కి వెళ్లి "ఇంత తక్కువేంటి సార్?" అంటే, అకౌంట్స్ సారు హాజరు రిజిస్టరు తెచ్చి టేబుల్ మీద పరిచారు. నా పేరుకెదురుగా గళ్లన్నీ ఎర్ర సిరాతో సగానికి కొట్టేసి ఉన్నాయి. "మూడు నెలల సగటమ్మా. సగం జీతం పడ్డ రోజు కూడా పని చేసిన రోజే కదా" అని కాలిక్యులేటర్ నా వైపు తిప్పారు. పక్క సీటు మేడం ఊరుకోకుండా "మా టైంల నాలుగు నెలలే ఇచ్చేటోళ్లు, మీకు ఆరు నెలలిస్తుంటే ఇంకేం కావాలె" అని ఒకటి తగిలించింది.

ఇంకా చూస్తే, నేను అసలు ఆఫీసుకు రాని లాస్ ఆఫ్ పే (జీతం రాని సెలవు) రోజులతో కూడా భాగించేశారు. అది తప్పు. 1961 మెటర్నిటీ బెనిఫిట్ చట్టం చెప్పేది సెలవుకు ముందు మూడు నెలల్లో పని చేసిన రోజుల సగటు కూలి. దాని బదులు 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ సూత్రం అదే. ఆ లైను చూపించి ఆ ముక్క దిద్దించుకున్నాను. సగం పూటల విషయం మాత్రం దిద్దడానికి లేదు.

కిటుకు ఏంటంటే, రోజుకు 800 అనుకోండి. 30 పూర్తి రోజులు, 30 సగం రోజులు చేస్తే సగటు 600. ఆ 30 సగాల బదులు 15 రోజులు పూర్తిగా చేసి, 15 రోజులు ఇంట్లో పడుకుంటే నెల జీతం అంతే వస్తుంది, సగటు మాత్రం 800 దగ్గరే ఉంటుంది. సెలవు 26 వారాలు, అంటే 182 రోజులు. ఆదివారాలు కూడా లెక్కే అని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. రోజుకు 200 చొప్పున తేడా 36,400 రూపాయలు! షరతు కూడా ఉంది, ప్రసవం తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజుల పని ఉండాలి. జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కట్ అయ్యే వాళ్లకు ఇది వర్తించదు, డబ్బు ఆఫీసు కాదు ఈఎస్ఐ ఇస్తుంది, వాళ్ల లెక్క వాళ్లది.

నన్నడిగితే ఈ హాఫ్ డే ఉపకారమే వద్దు. రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగుల్ని నాలుగింటికే వెళ్లమని ప్రభుత్వం సర్క్యులర్ ఇస్తుంది, ఎవరి జీతమూ కోయదు. మంచి పద్ధతి. కడుపుతో ఉన్నవాళ్లకూ అలాంటి సర్క్యులర్ ఒకటి ఇస్తే ఎవరి సొమ్మేం పోయింది? కాగితం మీద రూలుంటే సరిపోదు లెండి. 50 మంది, ఆపైన ఉంటే క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే గది) ఉండాలని 2017లో చట్టంలో పెట్టారు. మా దగ్గర క్రెష్ అని బోర్డున్న గదిలో విరిగిన కుర్చీలూ పాత ఫైళ్లూ ఉండేవి.

మీరు చేయాల్సింది తేలిక పని అడగడం. ప్రసవానికి ముందు ఆరు వారాలు, వాటికి ముందు ఇంకో నెల, ఈ కాలంలో అడిగితే కష్టమైన పని, ఎక్కువసేపు నిలబడే పని చెప్పకూడదు. దానికోసం జీతం కోయకూడదని కూడా 1961 చట్టంలో ఉండేది, ఇప్పటి కోడ్‌లోనూ ఉంది. డాక్టరు చీటీ జత చేసి అర్జీ రెండు కాపీలు రాయండి, మీ కాపీ మీద అందినట్టు ఇన్‌వార్డు ముద్ర వేయించుకోండి. ఇన్‌వార్డు గుమాస్తా టీకి వెళ్లాడంటారు. వచ్చేదాకా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చోండి.