క్లచ్ జారుతున్న 944 కొనాలా?

1987 పోర్షే 944, క్లచ్ జారుతోంది, టైమింగ్ బెల్ట్ (ఇంజిన్‌లో పిస్టన్లనీ వాల్వులనీ ఒకే లయలో నడిపేది) ఎప్పుడు మార్చారో కాగితాల్లేవు, అమ్మే ఆయనేమో "చిన్న రిపేరే" అంటున్నారు అన్నారు కదండీ. అది చిన్నది కాదు. ఈ కారులో ఇంజిన్ ముందు, గేర్‌బాక్స్ వెనక. మధ్యలో టార్క్ ట్యూబ్, అంటే ఆ రెంటినీ కలిపే షాఫ్ట్ ఉండే గొట్టం. క్లచ్ మార్చాలంటే వెనకవన్నీ దించాలి, కాబట్టి ప్లేటు ధర కన్నా కూలే ఎక్కువవుతుంది.

బెల్ట్ సంగతి ఇంకా టెన్షన్. అది తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి వాటిని వంచేస్తాయి. ఇంజిన్ అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్టులకు ఇంకో బెల్ట్ వేరే ఉంటుంది. రసీదు చూపించలేదంటే మార్చలేదనే లెక్క. మార్పించేదాకా నడపకండి, తీసుకెళ్ళడానికి లారీ మాట్లాడుకోండి.

కొనేముందు ఇంజిన్ చల్లగా ఉండగా వెళ్ళండి. ముందే వేడి చేసి ఉంచారంటే నాకు అనుమానమే. కూలెంట్ ట్యాంకు మూత తీసి చూడండి, పాలు కలిపిన టీ రంగులో మడ్డి కనిపిస్తే ఆయిల్ కూలర్ సీళ్ళో, హెడ్ గాస్కెటో (ఇంజిన్ పైభాగానికీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయినట్టు. ఇవన్నీ మెకానిక్‌తో లెక్క కట్టించి, ఆ మొత్తం ధరలో తగ్గించమనండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. పెయింట్ మెరుపుకి మాత్రం పడిపోకండి, నేనొకసారి పడ్డాను.